తెర వెనుకటి మాట

ఎన్నికలు దగ్గరపడిన దినములలో సాయంకాలము మా అరుగు మీదికి వచ్చి కూర్చుండువారు కొందరు కలరు. చాలసేపు కాలువ నీళ్ల సంగతి, మినుముల ధర సంగతి మాటలాడుదురు. లేచి పోవునప్పుడు మాత్రము గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుదురు. "మేష్టారూ, ఎవరికేశామో ఆళ్లకి తెలిసిపోద్దంటగా?"

ముప్పది నాలుగేండ్లు నేను బడిపంతులుగా నుంటిని గనుక ఎన్నికల విధులు నాకు తప్పినవి కావు. స్వస్థలమున ఆ పని వేయరు. కావున ఓట్ల దినమున నేను జిల్లాలో మరియొక మూలనున్న బడిలో కూర్చుండువాడను. మా కూచిపూడివారికి నేను దొరకునది అంతకు ముందటి వారములోనే. ఈ ప్రశ్న కాగితముల కాలమున విన్నాను, యంత్రముల కాలమున విన్నాను, నేను పని విరమించిన పిమ్మటను వినుచున్నాను. అడుగువారు కౌలుదారులు, కూలివారు, పింఛను మీద బ్రదుకు విధవలు. పది ఎకరముల ఆసామి యెవ్వడును ఈ ప్రశ్న అడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు.

ప్రియ చదువరులారా, నేను వారికి చెప్పు జవాబు ఇది. ఓటరు పేరు అధికారి యొద్దనున్న పుస్తకములో వ్రాయబడును, యంత్రమునకు మాత్రము ఆ పేరు తెలియదు. 2019 సార్వత్రిక ఎన్నికలలో దేశమంతట ప్రతి కేంద్రమునను పెట్టబడిన చీటీయంత్రపు కిటికీలో ఏడు సెకనుల సేపు కనబడు చీటీ మీద అభ్యర్థి పేరు, వరుస సంఖ్య, గుర్తు ఉండును. ఓటరు పేరు ఉండదు. ఆ చీటీ తెగి లోపలి పెట్టెలో పడిపోవును. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టపు 94వ విభాగము ప్రకారము, నీవు ఎవరికి వేసితివో చెప్పుమని న్యాయస్థానములో సాక్షినైనను బలవంతపెట్టరాదు. 128వ విభాగము ప్రకారము, ఆ రహస్యమును బయటపెట్టిన ఉద్యోగి శిక్షకు పాత్రుడు. ఇంత చెప్పినను వినువారు తల ఊపుదురే గాని వారి ముఖములలో నమ్మిక కనబడదు.

ఈ అపనమ్మకము పాతది. 1937లో చెన్నపట్టణపు శాసనసభ ఎన్నికలలో రంగుల పెట్టెలు పెట్టిరి. కాంగ్రెసువారిది పసుపు పెట్టె. అప్పటికి ఓటు అందరిది కాదు. ఆస్తియో, పన్నో, చదువో ఉన్నవారికే అది దక్కెను. మా పేటలోనివారు మొదటిసారిగా ఓటు వేసినది 1952 జనవరిలో. అప్పుడు అభ్యర్థికొక ఉక్కు పెట్టె, దాని మీద అతని గుర్తు. కాడియెద్దుల పెట్టె యొకటి, కంకి కొడవలి పెట్టె యొకటి, ఆలాగున వరుసగా తెర చాటున పెట్టిరి. ఓటరు కాగితము మీద ఏమియు వ్రాయనక్కరలేదు, తాను కోరిన పెట్టెలో దానిని వేసిన చాలును. మా నాయన చెప్పుచుండెడివాడు: ఆ పెట్టెలున్న గది గోడకు కన్నమున్నదనియు, దానిలోనుండి ఎవరో చూచుచుందురనియు ఊరిలో పుకారు పుట్టెనట. నాయన ముందునాడే ఆ బడికి పోయి, గోడ పొడుగునా చేతితో తడిమి చూచి వచ్చెనట. కన్నము లేదు. పేటకు తిరిగివచ్చి ఆ మాట ఇంటింటికి చెప్పెనట. ఎన్నికల సంఘమువారు వ్రాయించిన ప్రకటనలన్నిటికంటెను ఆ తడిమి చూచుటయే మా వారికి ఎక్కువ ధైర్యమిచ్చియుండును.

ఆ పెట్టెల పద్ధతిలో ఒక లోపముండెను. కొందరు కాగితమును పెట్టెలో వేయక మడిచి బయటికి తెచ్చి అమ్ముకొనెడివారు. కొన్నవాడు అట్టివి పోగుచేసి ఒక్కసారిగా తన పెట్టెలో వేయించుకొనెడివాడు. అందువలన 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి ఒకే కాగితము మీద అందరి గుర్తులను అచ్చువేసి ముద్ర గ్రుద్దించు పద్ధతి స్థిరపడెను. మా అమ్మ మొదటి ఓటు ఆ కాగితము మీదనే.

తెర యనగా కూచిపూడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. సత్యభామ తెర వెనుక నిలిచి జడను మాత్రము ఇవతలకు వేయుట ఇక్కడి పసిపిల్లలకును తెలిసిన సంగతి. తెర చాటున ధైర్యము కలుగుననుటకు ఈ ఊరి చరిత్రలోనే ఒక నిదర్శనమున్నది. సిద్ధవటపు సీమనేలిన సంబెట గురవరాజు పన్నుల కొరకు స్త్రీలను హింసించుట చూచిన కూచిపూడి భాగవతులు, విజయనగరమునకు పోయి వీరనరసింహరాయల యెదుట ఆ క్రూరత్వమునే వేషము కట్టి ఆడి చూపిరనియు, రాయలు సంగతి గ్రహించి ఆ రాజును శిక్షించెననియు మాచుపల్లి కైఫీయతు చెప్పుచున్నది. తమ సొంత ముఖములతో నిలిచి ఆ మాట చెప్పియున్నయెడల వారు ఇల్లు చేరియుందురో లేదో. వేషము అడ్డముండెను గనుక చెప్పగలిగిరి. బీదవానికి ఆపాటి అడ్డము కావలెను.

ధనిక దేశములలోను ఇది ఊరకే వచ్చినది కాదు. బ్రిటనులో పూర్వము ఓటు బహిరంగముగా నోటితో చెప్పవలసియుండెను. ఎవడు ఎవరికి వేసెనో అచ్చువేసి అమ్మెడివారు. 1868 ఎన్నికలలో వేల్సు దేశపు కౌలుదారులు, వారిలో అనేకులు చిన్న చిన్న ప్రార్థనా మందిరములకు చెందిన విశ్వాసులు, తమ భూస్వాములకు ఇష్టములేని పక్షమునకు ఓటు వేసిరి. కార్డిగన్, కార్మార్థెన్ ప్రాంతములలో అట్టివారిలో కొందరిని భూస్వాములు పొలములనుండి వెళ్లగొట్టిరి. రహస్య ఓటు కావలెనని అక్కడ పుట్టిన గట్టి కేకకు అది యొక కారణము. 1856లోనే ఆస్ట్రేలియాలోని విక్టోరియా ఆ పద్ధతిని అనుసరించెను. బ్రిటను 1872లో చట్టము చేసెను. వేల్సు కౌలుదారుల కథ చదివినప్పుడు నాకు పరదేశపు కథ చదివినట్లు తోచలేదు.

అట్లయిన, చట్టమున్నది, యంత్రమున్నది, గోడకు కన్నము లేదు. మరి భయమెందుకు? దీనికి జవాబు నాకు మా పేటలోని యొక ముసలమ్మ చెప్పినది. "నాది తెలవదు మేష్టారూ, నిజమే. మా పేటది తెలిసిపోద్దిగా!"

ఆమె అక్షరము చదువలేదు గాని, పెద్ద కమిషనులు వ్రాసిన దానిని ఒక్క ముక్కలో చెప్పినది. కాగితముల కాలమున వేర్వేరు కేంద్రముల ఓట్లను ఒకచోట కలిపి, కట్టలు కట్టి లెక్కించు పద్ధతి యుండెను. ఓటర్లకు బెదిరింపు, కక్షసాధింపు కలుగునని తోచినచోట అట్లు కలుపుటకు 1961 ఎన్నికల నియమములలో 59ఎ అను నియమమే యున్నది. 2004 నుండి సార్వత్రిక ఎన్నికలలో దేశమంతట యంత్రములే వచ్చినవి. ఒక్కొక్క కేంద్రపు యంత్రమును ఒక్కొక్క బల్ల మీద పెట్టి లెక్కింతురు. అభ్యర్థుల మనుష్యులు ఎదుట కూర్చుండి అంకెలు వ్రాసికొందురు. తరువాత కేంద్రము వారీగా ఆ లెక్క ప్రకటింపబడును. మన ఊళ్లలో ఇళ్లు కులము వారీగా నున్నవి, కేంద్రములు ఇళ్ల వారీగా నున్నవి. ఇక దాగినదేమి? ఒక్కని ఓటు దాగియున్నది, ఆ ఒక్కడు నివసించు వీధి ఓటు బట్టబయలైనది. కొన్ని యంత్రముల లెక్కను కలిపి ఒకే మొత్తముగా చూపు పరికరమును వాడవలెనని ఎన్నికల సంఘము 2008లోనే ప్రతిపాదించెను. 2015లో లా కమిషను తన 255వ నివేదికలో అదే సిఫారసు చేసెను. కేంద్ర ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఎక్కడ ఎన్ని ఓట్లు వచ్చినవో తెలిసినగాని పక్షములు పని చేయలేవని కొందరు వాదింతురు. ఆ వాదము నాకు రుచింపదు. ఏ వీధికి మేలు చేయవలెనో తెలిసికొనుటకు పనికివచ్చు అంకె, ఏ వీధికి కీడు చేయవలెనో తెలిసికొనుటకును పనికివచ్చును.

ఒక సంవత్సరము లెక్కింపు ముగిసిన మరుసటి వారము, ఇక్కడికి దూరములేని యొక ఊరిలో, ఓడిన పక్షపు పెద్దమనిషి ఆ అంకెల కాగితము ముందుంచుకొని కూర్చుండెను. పేట కేంద్రములో తన పక్షమునకు వందకు పైన రాలేదు. వచ్చునని ఆయన లెక్క నాలుగు వందలు. ఆ యేడు ఆయన చేలను కౌలుకు చేయుచున్న పేట కుటుంబములలో రెండింటికి కౌలు మారిపోయెను. నోటి మాట కౌలు. కాగితము లేదు, అడుగుటకు దిక్కు లేదు. ఆ ఇద్దరిలో ఒకడు నాకు తెలిసినవాడు. తాను ఆయన పక్షమునకే వేసితినని నా యొద్ద కన్నీళ్లతో చెప్పెను. నేను నమ్మితిని. అయితే వాడు ఆ సంగతి ఆయనకు ఎట్లు రుజువు చేయగలడు? వానిని కాపాడుటకు కట్టిన తెర వానికే గోడయైనది. వంద ఓట్లలో తనదొకటని చెప్పుకొనుటకు వీలులేదు. రానివాటిలో తనదొకటని వారు అనుకొనకుండ ఆపుటకును వీలులేదు. ఇట్టి సందర్భములలోనే మన కుర్రవాండ్రు కొందరు సెల్‌ఫోనులో బొమ్మ తీసి చూపి బయటపడవలెనని తలంచుచున్నారు. ఒకడు బొమ్మ చూపినయెడల, చూపని తొంబదితొమ్మిది మందిని అనుమానించుటకు దారి తెరచినట్లే. ఫోనును లోపలికి తేనీయకపోవుట అందుకే.

ఈ భయము ఏ పక్షముతోను పుట్టలేదు, ఏ పక్షముతోను పోలేదు. 2019 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో ఏబది ఇండ్లకొక వలంటీరును పెట్టిరి. అటుపిమ్మట ఆ వలంటీరు వచ్చి పింఛను గుమ్మము యొద్దనే చేతికిచ్చెడి యేర్పాటు కొన్నేండ్లు నడచెను. ముసలివారికి అది గొప్ప సదుపాయము, కాదనను. అయితే మన యింటికి నెలనెల డబ్బు తెచ్చు కుర్రవానికి మన యింటి సంగతులన్నియు తెలియునను తలంపు పాకినది. 2024 మార్చి 30న ఎన్నికల సంఘము వలంటీర్లచే డబ్బు పంచింపకూడదని ఆజ్ఞాపించెను. అప్పుడు మా అరుగు మీద ప్రశ్న మారినది: "ఈళ్లకి ఓటెయ్యకపోతే పింఛను తీసేస్తారా? ఆళ్లకేస్తే ఇస్తారా?" ఎవరు గెలిచినను పింఛను నీ హక్కని చెప్పితిని. చెప్పుట నా వంతు. నెల మొదటి తేదీని భయపడుట వారి వంతు.

మన సంఘముల సంగతియు రెండు మాటలు చెప్పవలెను. అభ్యర్థి ఆదివారము ఆరాధనకు వచ్చును, ముందు బల్ల మీద కూర్చుండును, పూలదండ వేయుదురు. ఎవరో పెద్ద లేచి, "మన ఓట్లన్నియు తమవే" అని పలుకును. ఆ ఓట్లను ఆయన చేతికి ఎవరిచ్చిరి? ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగములో, ఓటరును గాయము చేయుదునని బెదిరించుటతోపాటు, కులమునుండియో సంఘమునుండియో వెలివేయుదుమని బెదిరించుటయు, ఇట్లు ఓటు వేసిన దైవాగ్రహమునకు గురియగుదువని నమ్మించుటయు అక్రమమని వ్రాయబడియున్నది. ఆ మాటలు వ్రాసినవారికి మన మందిరములు, గుడులు, మసీదులు బాగుగా తెలిసియుండవలెను. షెడ్యూల్డు కులములవారిని ఫలానివానికి ఓటు వేయుమనియో వేయవద్దనియో బలవంతపెట్టుట 1989 అత్యాచారముల నివారణ చట్టము క్రిందను నేరమే. ఆసామి చేసినప్పుడు ఆ చట్టము మనకు జ్ఞాపకము వచ్చును. మన పెద్దయే పేట ఓట్లన్నిటిని మూటగట్టి అప్పగించినప్పుడు ఎవరికిని జ్ఞాపకము రాదు.

నాయకులకు మాత్రము తెర అక్కరలేదు. మన రాష్ట్రమున మండల పరిషత్తు అధ్యక్షుని సభ్యులు చేతులెత్తియే ఎన్నుకొందురు. రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్యే తన ఓటును తన పక్షపు మనిషికి చూపి వేయవలెనని 2003లో చట్టము మారినది. వారు మన పేరిట ఓటు వేయుదురు గనుక చూపవలసినదే. కూలివాడు ఎవరి పేరిట వేయుచున్నాడు గనుక చూపవలెను?

ఇంటిలో అడుగు ప్రశ్న మరి చిత్రము. చూపులేనివారు, చేతగానివారు ఒక తోడును లోపలికి తీసికొని పోవచ్చును. ఆ తోడు పదునెనిమిదేండ్లు నిండినవాడై యుండవలెను, ఆ దినమున మరియొకరికి తోడు పోకూడదు, రహస్యము కాపాడుదునని కాగితము మీద వ్రాసియివ్వవలెను. నేను అధికారిగా కూర్చున్న చోట్ల ఎందరో కొడుకులు ఆ కాగితము మీద సంతకము చేసి, తల్లిని బయటికి తెచ్చి, మెట్లు దిగకముందే పదిమంది యెదుట ఎవరికి వేయించినది చెప్పుట విన్నాను.

2024లో ఎనుబదియైదేండ్లు దాటినవారికి ఇంటియొద్దనే ఓటు వేయు వీలు కల్పించిరి. మా అమ్మకు ఎనుబదియేడు. ముందుగానే దరఖాస్తు పెట్టించితిమి. ఇద్దరు ఉద్యోగులు, ఒక పోలీసు, వీడియో తీయువాడు వచ్చిరి. అట్ట అడ్డు మంచము మీద నిలిపిరి. నేను, తమ్ముడు, కోడండ్రు, మనుమలు చుట్టును చేరితిమి. అధికారిణి చిన్నపిల్ల, మా అందరిని వాకిటిలోనికి పొమ్మని మర్యాదగా గాని గట్టిగా గాని చెప్పినది. చాలసేపటికి తలుపు తీసిరి. తమ్ముడు ఉండబట్టలేక, "ఎవరికేశావమ్మా?" అనెను.

"మీ నాన్నకే ఎప్పుడూ చెప్పలా, నీకెందుకురా?" అని అమ్మ కసరినది. తరువాత ఆ పిల్లను దగ్గరకు పిలిచి, కవరు అంచు సరిగా అంటలేదని చూపి, మరికొంచెము జిగురు రాయించుకొనెను.