మూడు బీఘాల దారి

ఆస్పత్రికి వెళ్లాలంటే పక్క దేశం వాళ్లు గేటు తీయాలి. చీకటి పడితే దానికి తాళం. తెల్లారేదాకా నొప్పులు ఓర్చుకోవాల్సిందే... అలాంటి ఊరు కూడా ఉంటుందా? ఉండేది. బంగ్లాదేశ్‌కి చెందిన దహగ్రామ్-అంగార్‌పోతా అది. చుట్టూ ఉన్నది మాత్రం మన దేశం, పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్ జిల్లా!

పూర్వం రాజులు చదరంగంలో ఊళ్లను పందెం కాయబట్టే సరిహద్దు ఇలా ముక్కలైందని అక్కడ ఓ కథ చెప్పుకుంటారు. అసలు కారణం మొఘలులకూ కూచ్‌బిహార్ రాజ్యానికీ మధ్య 18వ శతాబ్ది తొలినాళ్లలో కుదిరిన ఒప్పందాలు. 1947లో దేశం రెండు ముక్కలైనా ఆ చిక్కుముడి వీడలేదు.

ఆ ఊరిని సొంత దేశంతో కలిపే దారే తీన్ బీఘా. పొడవు 178 మీటర్లు, వెడల్పు 85. మన లెక్కలో నాలుగెకరాలు కూడా ఉండదు. ఇందిరాగాంధీ, ముజిబుర్ రెహమాన్ 1974లో దీనిపై ఒప్పందం చేసుకున్నారు. గేటు తెరుచుకుంది మాత్రం 1992 జూన్ 26న. అదీ పగటిపూట, గంట విడిచి గంట! తర్వాత పగలంతా తెరిచారు. రాత్రీ పగలూ దారి ఇచ్చింది 2011లో.

ఆ దారిలో నడుస్తుంటే మా అమ్మ మాటలే గుర్తొచ్చాయి. వానాకాలంలో మా ఊరి వాగు పొంగితే ఆస్పత్రి అవతలే ఉండిపోయేది. పురుడొచ్చిన ఆడవాళ్లను మంచం మీద మోసుకొచ్చి, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే కూర్చునేవారట. కానీ వాగుకి ఆ బాధ తెలియదు. గేటుకి తాళం వేసేది మనిషే కదా!

గేటు వద్దన్న వాళ్లనూ తేలిగ్గా తీసిపారేయలేం. ఆ దారి ఇచ్చేస్తే తాము మన దేశంతో తెగిపోతామని కుచ్లీబాడీ వైపు భారతీయులు భయపడ్డారు. అందుకే అక్కడ రెండు రోడ్లూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఒకదాని మీద మనవాళ్లు, రెండోదాని మీద వాళ్లు. మధ్యలో మన జవాన్లు.

2015 జులై 31 అర్ధరాత్రి రెండు దేశాలూ ఇలాంటి 162 ఊళ్లను ఇచ్చిపుచ్చుకున్నాయి. దహగ్రామ్ మాత్రం అలాగే ఉండిపోయింది. దారి ఉంది కాబట్టి ఊరు చేతులు మారాల్సిన పని లేకపోయింది.

పటంలో గీతలు చెరిపేయడం మన వల్ల కాకపోవచ్చు. వాటి మధ్య ఓ బాట వదలడానికి మూడు బీఘాలు చాలు.