అంగుళం ఎత్తెక్కిన క్యామ్రీ

డెట్రాయిట్ నుంచి హౌటన్‌కి దాదాపు 550 మైళ్ళు. ఫిబ్రవరిలో, అదీ 2001 మోడల్ క్యామ్రీలో అంత దూరం వెళ్తున్నామని తెలిసి, ఖమ్మం నుంచి వీడియో కాల్‌లో మా అక్క గోల పెట్టింది. "బండి ఎత్తించానమ్మా, ఏం కాదు" అన్నాడు మేనల్లుడు. ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

వాడు హౌటన్‌లోని మిషిగన్ టెక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. సీనియర్ల చేతులు మారుతూ వచ్చిన ఆ క్యామ్రీ పొట్టకీ నేలకీ మధ్య ఐదున్నర అంగుళాలుంటే గొప్ప. హౌటన్‌లో ఒక్క రాత్రి మంచు చాలు, అంతకు మించి పడటానికి.

ఐ-75 మీద ఉత్తరంగా సాగి మాకినా వంతెన ఎక్కాం. 1957లో తెరిచిన ఈ వంతెన పొడవు ఐదు మైళ్ళకి కాస్త తక్కువ. లోపలి వరసల్లో రోడ్డుకి బదులు ఇనుప జల్లెడే ఉంటుంది, గాలి కింది నుంచి పైకి పోవడానికి. టైర్లు దాని మీద రొద పెడుతుంటే, "ఎత్తు పెంచావుగా, గాలికి ఊగదట్రా?" అన్నాను.

"అంగుళానికి ఏం ఊగుతుంది మావయ్యా!"

అంగుళమే. అసలు కథ సెనీ ఊరు దాటాక విన్నాను. అక్కణ్ణించి షింగిల్టన్ దాకా పాతిక మైళ్ళు రోడ్డు ఎక్కడా వంపు తిరగదు. మాటలు లేకపోతే నిద్ర ముంచుకొస్తుంది.

క్యామ్రీకి నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్లు ఉంటాయి. స్ట్రట్ పైకొసకీ బాడీకీ మధ్య అంగుళం మందం అల్యూమినియం బిళ్ళ బిగిస్తే బాడీ ఆ మేరకు లేస్తుంది. స్ప్రింగు విప్పే పని లేదు. అదే పెద్ద సుఖం, ఎందుకంటే నొక్కిపట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణానికే ముప్పు. కష్టమంతా కింది బోల్టుల దగ్గర. చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పుకి అవి తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. రాత్రంతా నూనెలో నాననిచ్చి, పానాకి ఇనుప గొట్టం తొడిగి, ఇద్దరు వేలాడితే కదిలాయట. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు, లేకపోతే టైర్లు ఒక పక్కనే అరుగుతాయి.

"మూడంగుళాలు పెంచకపోయావా?"

"ఇంజను పైకి పోతుంది, చక్రం కిందే ఉంటుంది. మధ్యలో యాక్సిల్ వాలు పెరిగి జాయింట్లు తినేస్తుంది."

హైదరాబాద్‌లో స్పీడ్ బ్రేకర్లు తగలకుండా స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం చూశాను గానీ, మంచు కోసం ఈ తంటా కొత్త. ఆ మాటకొస్తే కంపెనీలూ ఈ పని చేశాయి. మిషిగన్ సరస్సుకి ఆవలి ఒడ్డున కెనోషాలో, ఏఎంసీ వాళ్ళు మామూలు కారునే ఎత్తు పెంచి, నాలుగు చక్రాలకీ శక్తినిచ్చి 1980 మోడల్‌గా ఈగిల్ తెచ్చారు. సుబారు అవుట్‌బ్యాక్ కూడా లెగసీ వ్యాగన్‌ని పైకి లేపితే వచ్చిందే.

మార్క్వెట్‌లో పాస్టీ తిన్నాం. రాగి గనుల్లో పని చెయ్యడానికి వచ్చిన కార్నిష్ వాళ్ళు తెచ్చిన వంటకం. మాంసం, బంగాళాదుంప కూరిన పెద్ద కజ్జికాయ అనుకోండి. కారం మాత్రం మనమే తెచ్చుకోవాలి.

హౌటన్ దాటి మోహాక్ ఊరి పైన, రోడ్డు పక్కన ఆకాశంలోకి నిలబెట్టిన కొలబద్ద ఉంది. 1978-79 చలికాలంలో ఆ జిల్లాలో కురిసిన మంచు 390.4 అంగుళాలు, అంటే 32 అడుగుల పైన. కెనడా మీదుగా వచ్చే చలిగాలి సుపీరియర్ సరస్సు తడిని పీల్చుకొచ్చి ఈ గట్టు మీద కుమ్మరిస్తుంది. ఆ కొలబద్ద కింద మా అంగుళం నవ్వులాటగా అనిపించింది, మర్నాటి పొద్దుటి దాకా.

రాత్రి కురిసిన మంచుని ప్లౌ బండి నెట్టుకుంటూ పోయి, ఇంటి దారికి అడ్డంగా మోకాటి కిందికి వచ్చే గట్టు వదిలింది. సగం స్కూపుతో తోశాం. మిగతా దాని మీదుగా క్యామ్రీ పొట్ట రాసుకుంటూ దాటేసింది. పక్కింటి కుర్రాడి కరోలా మాత్రం గట్టు మీద పొట్ట ఆనించి కూర్చుంది. బరువంతా మంచు మీదే పడ్డాక టైర్లకి పట్టెక్కడిది? చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. ముగ్గురం కలిసి నెట్టాం.

"ఆ బిళ్ళలు ఎంతన్నా?" అన్నాడు వాడు రొప్పుతూ.

మావాడు వంగి కరోలా టైరు మీద వేలితో రాసి చూశాడు. వేసవి టైర్లు, చలికి గట్టిపడి ఉన్నాయి. "బిళ్ళలు తర్వాత కొందువు గాని, ముందు ఇవి మార్చు" అని స్కూపు వాడి చేతికిచ్చాడు.