సంతకం పెట్టనని చెప్పే ధైర్యం

ఉద్యోగ భద్రత అనే మాట వినగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి రెండే గుర్తొస్తాయి. ఒకటి, కుర్చీకి కండువా తగిలించి టీకి వెళ్ళిపోయే ప్రభుత్వ గుమాస్తా. రెండు, హెచ్చార్ నుంచి శుక్రవారం సాయంత్రం వచ్చే మీటింగ్ ఇన్వైటు :) మొదటిదంటే వెటకారం, రెండోదంటే భయం. "పనొచ్చినవాడికి భద్రత ఎందుకండీ, ఈ కంపెనీ కాకపోతే ఇంకోటి" అనే వాదన మన క్యాంటీన్లలో రోజూ వినేదే. మనం చేసే పనికి అది చాలావరకు సరిపోతుంది కూడా. కానీ అన్ని పనులకీ సరిపోదని నా అభిప్రాయం. విమానాలు బాగుచేసే మెకానిక్కుల సంగతే తీసుకోండి.

నేను పటాన్‌చెరు వాణ్ణి. మా బెల్టులో పిల్లనిచ్చేటప్పుడు అబ్బాయి ఏ కంపెనీ అని అడిగిన వెంటనే అడిగే మాట "పర్మినెంటా, కాంట్రాక్టా?". రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ నుంచి ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ దాకా, మధ్యలో పాశమైలారం, బొల్లారం షెడ్ల దాకా, ఈ ఒక్క ప్రశ్నకొచ్చే జవాబు మీదే మనుషుల లెక్క తేలిపోతుంది. మా బావ ఇక్కడే పెరిగి, ఇంటర్ అయ్యాక అందరిలా ఎంసెట్ వెంట పడకుండా ఏఎంఈ చదివాడు. అంటే విమాన నిర్వహణ ఇంజినీరింగు. కాపురం పటాన్‌చెరులోనే. ముత్తంగి దగ్గర రింగురోడ్డెక్కి శంషాబాద్‌కి నైట్ డ్యూటీకి పోతుంటాడు. ఈ రంగం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆయన పుణ్యమే.

ముందు ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్తాను, మనలో చాలామందికి తెలీదు కాబట్టి. కోర్సు పూర్తయితే లైసెన్సు రాదు. డీజీసీఏ పెట్టే పరీక్షలు ఒక్కో మాడ్యూలూ పాసవ్వాలి, విమానాల మీద అనుభవం చూపించాలి. అప్పుడొచ్చే లైసెన్సులో బీ1 అంటే ఇంజను, బాడీ లాంటి మెకానికల్ వైపు, బీ2 అంటే ఏవియానిక్స్ వైపు. చిన్న చిన్న పనులకి ఏ కేటగిరీ. ఆ తర్వాత ఏ విమానం మీద పనిచేయాలంటే ఆ విమానానికి విడిగా టైప్ రేటింగు. ఏ320 వచ్చినవాడు 737 మీద సంతకం పెట్టలేడు. జావా వచ్చినవాడు రెండు నెలల్లో పైథాన్ నేర్చుకుని రెజ్యుమెలో రాసేసుకున్నట్టు ఇక్కడ కుదరదు.

ఇక అసలు మెలిక. లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ. కానీ ఫలానా విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం పెట్టే అధికారం ఇచ్చేది పనిచేస్తున్న సంస్థ. ఉద్యోగం పోతే లైసెన్సు చేతిలోనే ఉంటుంది గానీ సంతకం పోతుంది. గత రెండేళ్ళలో కనీసం ఆరు నెలలు పనిచేసిన అనుభవం లేకపోతే ఆ లైసెన్సు హక్కులు కూడా వాడుకోవడానికి లేదు. అంటే ఇంట్లో కూర్చున్న ప్రతి నెలా అతని చదువు విలువ కొంచెం కొంచెం కరిగిపోతుంటుంది. లైసెన్సున్న వాళ్ళ కింద టెక్నీషియన్లు. నట్లు విప్పేదీ, టైర్లు మార్చేదీ, గ్రీజు పూసేదీ ఎక్కువగా వాళ్ళే. జీతాలు వాళ్ళవి మరీ తక్కువ.

దేశంలో విమానాలకేమో కొదవ లేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకీ, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకీ ఆర్డర్లిచ్చాయి. 2025 నవంబర్ 26న శంషాబాద్‌లో సాఫ్రాన్ వాళ్ళ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం మొదలైంది. పూర్తి స్థాయికి చేరితే ఏడాదికి 300 ఇంజన్లు, 2035 నాటికి వెయ్యి మందికి పైగా ఉద్యోగులు అని చెప్పారు. చాలా సంతోషం. మా సంగారెడ్డి పిల్లలకి ఫార్మా షెడ్డు కాకుండా ఇంకో దారి దొరుకుతుంది. కానీ మనిషి అవసరం ఉండటం వేరు, మనిషికి భరోసా ఉండటం వేరు. మన దగ్గర ఐదేళ్ళ అనుభవం ఉన్నవాడి కోసం కంపెనీలు కొట్టుకుంటూ, ఫ్రెషర్లని గేటు బయట నిలబెట్టినట్టే ఉంటుంది అక్కడా. టైప్ రేటింగున్న బీ1 కోసం వెతుకులాట, కొత్తగా కోర్సు చేసినవాడికి హ్యాంగర్‌లో అడుగుపెట్టడమే గగనం.

2022 జూలై గుర్తుందా? హైదరాబాద్, ఢిల్లీల్లో ఇండిగో టెక్నీషియన్లు చాలామంది ఒక్కసారిగా సిక్ లీవులు పెట్టారు. కోవిడ్ అయిపోయింది, విమానాలు నిండుగా ఎగురుతున్నాయి, జీతాలు మాత్రం పెరగలేదన్నది వాళ్ళ బాధ. కోవిడ్ వల్ల జీతాల్లో వచ్చిన తేడాల్ని సరిచేస్తామని కంపెనీ అనాల్సొచ్చింది. ఆ దారి కూడా ఇప్పుడు ఇరుకైపోయింది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సగం మంది లేక అంతకన్నా ఎక్కువ కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందే లెక్క. సమ్మెకి ముందుగా నోటీసివ్వాలి.

అదే జూలైలో ఇంకో సంగతి జరిగింది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. విమానాల్లో సాంకేతిక లోపాలు వరసగా బయటపడుతుంటే డీజీసీఏ తనిఖీలు చేసింది. లోపానికి అసలు కారణం సరిగ్గా పట్టుకోవట్లేదనీ, ఫలానాది పనిచేయకపోయినా కొన్నాళ్ళు ఎగరొచ్చు అనే జాబితా కింద విమానాల్ని వదలడం పెరిగిందనీ (మన నోన్ ఇష్యూస్ లాంటిదన్నమాట), వెంటవెంటనే వచ్చిపోయే విమానాలకి సరిపడా సర్టిఫై చేసే సిబ్బంది లేరనీ తేల్చింది. బీ1, బీ2 వాళ్ళని అన్ని చోట్లా ఉంచమని జూలై 28 దాకా గడువిచ్చింది. ఒక పక్క జీతం చాలక లీవు పెట్టినవాళ్ళు, ఇంకో పక్క మనుషులు చాలట్లేదని ప్రభుత్వ నివేదిక, రెండూ ఒకే నెలలో!

మరి భద్రత లేకపోతే ఏమవుతుంది? ఈ మాట మెకానిక్కులే చెప్పారు. 2019 మార్చిలో జెట్ ఎయిర్‌వేస్ ఇంజినీర్ల సంఘం డీజీసీఏకి ఉత్తరం రాసింది. మూడు నెలలుగా జీతాల్లేవు, ఇల్లు గడవడం కష్టమై ఆ ఒత్తిడి పని మీద పడుతోంది, విమానాల భద్రతకే ప్రమాదం అని దాని సారాంశం. ఏప్రిల్ 17న జెట్ ఆగిపోయింది. అంతకుముందు 2012లో కింగ్‌ఫిషర్ కథా ఇంతే. నెలల తరబడి జీతం లేక ఇంజినీర్లు సెప్టెంబర్ ఆఖర్లో పని ఆపేశారు, అక్టోబర్ మొదటికల్లా విమానాలు నేల మీద ఉన్నాయి. అక్టోబర్ 20న లైసెన్సు సస్పెండయింది. వీళ్ళ సంతకం లేకుండా విమానం కదలదు మరి. అంత బలమైన సంతకం పెట్టే మనిషి ఇంటద్దెకి అప్పు చేస్తున్నాడు.

మనుషులు తక్కువైతే ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ చాలు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం పైకెక్కుతుండగా కాక్‌పిట్ ముందద్దం ఒకటి ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటికి పీల్చుకుపోయాడు. తోటి సిబ్బంది ఆయన్ని పట్టుకునే ఉన్నారు, కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అదృష్టం కొద్దీ కెప్టెన్ బతికాడు. తర్వాత విచారణలో తేలిందేంటంటే, ఆ అద్దం 27 గంటల ముందే మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి. తేడా ఎంత? ఒక్కోటి 0.026 అంగుళం! ఆ రాత్రి షిఫ్టులో మనుషులు తక్కువుంటే షిఫ్టు మేనేజరే తెల్లవారుజామున తానే పని అందుకున్నాడు, తానే సంతకం పెట్టాడు. ఇంకొకరు సరిచూడాలన్న నియమం ఆ పనికి లేదు. మనం రివ్యూ లేకుండా చెకిన్ చేయనివ్వం కదా, ఎందుకో తెలుసు కదా.

బావతో ఒకసారి ఇదే అంటే, "రాత్రి రెండింటికి నువ్వు తప్పు కోడ్ రాస్తే పొద్దుగాల రోల్‌బ్యాక్ చేస్తవ్ బామ్మర్దీ. నేను వదిలిన బండి అప్పటికే గాల్ల ఉంటది, దాన్నెట్ల వాపస్ తెస్తవ్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

స్కిల్లుంటే చాలు అనేవాళ్ళ కోసం ఇంకొక్కటి. 2005 ఆగస్టు 20న అమెరికాలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మెకానిక్కులు, క్లీనర్లు 4,400 మంది దాకా సమ్మెకి దిగారు. దాదాపు సగం ఉద్యోగాలు తీసేసి పని బయటికి ఇచ్చేస్తామన్నది కంపెనీ మాట. కంపెనీ వేరే మనుషుల్ని ముందే సిద్ధం చేసుకుంది, మిగతా యూనియన్లు కలిసిరాలేదు, సమ్మె ఓడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అదే అవుట్‌సోర్సింగు పుణ్యమా అని మాదాపూర్‌లో బిల్డింగులు లేచాయి. ఒకే గాలి, అక్కడ ఇళ్ళు కూల్చింది, ఇక్కడ మనకి ఇళ్ళు కట్టింది. అక్కడి వాళ్ళకి స్కిల్లు లేక కాదుగా పోయింది.

ఇక మా ఊరి పక్క సంగతి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా పోయారు. చాలామంది బీహార్, ఒడిశా, యూపీల నుంచి పొట్టకూటికొచ్చిన వాళ్ళు. పాత యంత్రాలతో ప్రమాదమని చెప్పినా పట్టించుకోలేదని చనిపోయినవాళ్ళ కుటుంబ సభ్యులొకరు పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఆరోపించారు. ఆ కేసులో ఎవరి తప్పెంతో కోర్టు తేలుస్తుంది. నాకర్థమైంది మాత్రం ఒకటే: "ఈ మిషన్ ఇవాళ నడపను" అని చెప్పాలంటే రేపు గేటులోకి రానిస్తారన్న నమ్మకం ఉండాలి. కాంట్రాక్టరు జేబులో ఉన్న ఉద్యోగానికి ఆ నమ్మకం ఎక్కడినుంచొస్తుంది?

విమానం మెకానిక్కుకైతే ఆ మాట అనడమే ఉద్యోగం. తొంభై తొమ్మిదిసార్లు సరే అని సంతకం పెట్టడం ఎవరైనా చేస్తారు. నూరోసారి, తెల్లవారుజామున నాలుగింటికి, ఆరింటి ఫ్లైటు 180 మందితో నిండిపోయి ఉంటే, పైనుంచి ఫోన్లు మోగుతుంటే, "పెట్టను" అని చెప్పడానికే అతనికి లైసెన్సిచ్చింది. వచ్చే నెల రెన్యువల్ ఉన్న కాంట్రాక్టు మనిషి ఆ మాట అనాలంటే ఎంత గుండె కావాలి! అలా అనేవాళ్ళున్నారు, చాలామంది ఉన్నారు, అందుకే మనం క్షేమంగా దిగుతున్నాం. కానీ ఒక వ్యవస్థ ప్రతి రాత్రీ మనుషుల మంచితనం మీద నడవకూడదు కదా.

"పర్మినెంటు చేస్తే పని చేయరండీ" అంటారా? గుమాస్తా విషయంలో ఒప్పుకుంటాను :) కానీ ఇతని పేరూ లైసెన్సు నంబరూ ప్రతి సంతకం పక్కనా రికార్డులో ఉంటాయి. తప్పు చేస్తే డీజీసీఏ లైసెన్సే సస్పెండ్ చేయగలదు. సోమరితనానికి ఇంతకంటే పెద్ద బెత్తం ఇంకేం కావాలి? జీవితాంతం కదపొద్దని నేననట్లేదు. విమానం ఆపినందుకు ఎవడి రెన్యువలూ ఆగకూడదు. షిఫ్టులో ఉండాల్సినంత మంది లేకపోతే పని రేపటికి జరగాలి గానీ ఉన్నవాడి మీద పడకూడదు. టెక్నీషియన్‌కి మా బెల్టులో ఫిట్టరుకన్నా తక్కువ జీతమిచ్చి విమానం అప్పగించకూడదు. ఈ మూడూ అడగటం అత్యాశ కాదనుకుంటా.

2025 డిసెంబర్‌లో ఇండిగో ఒక్క రోజులో వెయ్యికి పైగా ఫ్లైట్లు రద్దు చేసినప్పుడు పైలట్ల విశ్రాంతి గంటల గురించి దేశమంతా మాట్లాడుకుంది. మంచిదే. విమానం కింద టార్చిలైటు పట్టుకుని నిలబడేవాడి గురించి కూడా అలా మాట్లాడుకునే రోజు రావాలి. ఈలోపు మనం చేయగలిగింది చిన్నదే. శంషాబాద్‌లో "సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం" అని వినపడితే కౌంటర్ దగ్గర పిల్ల మీద అరవకుండా ఒక్క నిమిషం ఆగండి. కింద ఎవరో "పెట్టను" అని ఉండొచ్చు.

మీరేమంటారు?