మా గెట్టు కింది పందికొక్కు

ఈ యేటి సావనీరుకు ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం పిల్లలు వచ్చి అడిగారు. "పందికొక్కు మీద రాస్తాను" అన్నాను. ఒకడు మర్యాదకు నవ్వు ఆపుకున్నాడు. రెండోవాడు మాత్రం, "ఎవరి గురించి సార్?" అన్నాడు. తప్పు వాడిది కాదు. మనలో పందికొక్కులా మేయడమంటే వడ్లు మేయడమనే అర్థం ఎప్పుడో పోయింది! నేను రాసేది నాలుగు కాళ్ళ దాని గురించే.

నేనీ కాలేజీలో బి.యస్సీ. చదివే రోజుల్లో ఒకనాడు జువాలజీ క్లాసులో మా సారు, ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' అనే మాట మన తెలుగు పందికొక్కేనని చెప్పారు. శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి పెట్టిన 'బాండికోటా' అన్న పేరూ అందులోంచి వచ్చిందే. అంతటితో ఆగక దొరలు ఆ పేరును ఆస్ట్రేలియాకు మోసుకుపోయి, అక్కడ పొడుగు మూతీ, పొట్టకు సంచీ ఉన్న మరో జంతువుకు తగిలించారు. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ సాయంత్రం కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బస్సులో నిలబడి, మా ఊరి పొలాల మాట ప్రపంచమంతా తిరిగిందని దారిపొడుగునా నాలో నేనే మురిసిపోయాను.

అమెరికాలో గ్రౌండ్‌హాగ్ అని ఇంకొకటి ఉంది. ఉడుత కుటుంబానిది. పేరుకు అర్థం నేలపంది. పెన్సిల్వేనియాలోని పంక్సటానీ అనే ఊళ్ళో 1887 నుంచి ఫిబ్రవరి 2న దాని పేర జాతర చేస్తారు. ఆనాడు దానికి తన నీడ కనబడితే చలి మరో ఆరు వారాలుంటుందని వాళ్ళ నమ్మకం. నేల తవ్వే జంతువును చూడగానే వాళ్ళకూ మనకూ పందే గుర్తుకొచ్చిందన్న మాట! అయితే వాళ్ళది చలికాలమంతా నిద్రపోతుంది. మనదానికి ఆ అలవాటు లేదు.

ఇంటికి పోయి బాపుకు ఈ ముచ్చట చెప్పాను. "పేరు సంగతి సరే బిడ్డా, అది కోస్కపోయిన కంకుల లెక్క చెప్పు" అన్నాడు.

ఆ లెక్క మామూలుది కాదు. మనం పందికొక్కు అనేవాటిలో పెద్దదీ, చిన్నదీ రెండు రకాలున్నాయి. పెద్దది ఎక్కువగా ఇళ్ళ చుట్టూ, గోదాముల్లో, మోరీల్లో తిరుగుతుంది. పొలాన్ని ముంచేది చిన్నది. వరి పిలకను మొదట్లోనే ఏటవాలుగా కొరుకుతుంది. కంకి వేశాక కంకులను బొరియలోకి ఈడ్చుకుపోయి దాచుకుంటుంది. తినేది కొంత, దాచేది కొంత, ఊరికే కొరికి పారేసేది కొంత. తల్లీపిల్లలు తప్ప ఒక బొరియలో సాధారణంగా ఒకటే ఉంటుంది. లోపలున్నప్పుడు ద్వారానికి మట్టి అడ్డం పెట్టుకుంటుంది. గెట్టు మీద తాజా మట్టి కుప్ప కనిపిస్తే అయ్యగారు ఇంట్లోనే ఉన్నారని తెలుసుకోవాలి. చూలు మూడు వారాలే. ఒక్కో ఈతకు అయిదారు పిల్లలు, ఇంకా ఎక్కువా. దాన్ని తినే జెర్రిపోతును మనం పామని కొడతాం. గుడ్లగూబను అపశకునమని తరుముతాం. ఆ పైన మందు కోసం బజారుకు పోతాం.

1985 యాసంగిలో మా చెరువు కింద నీళ్ళు వంతుల మీద పారుతున్నాయి. మా వంతు రాత్రిపూట వచ్చింది. బాపు మడి నిండా నీళ్ళు పెట్టి వచ్చి పండుకున్నాడు. పొద్దున పోయి చూస్తే మడి ఖాళీ. గెట్టు జానెడు వెడల్పున తెగి ఉంది. దిగువన ఉన్న మా కాక మడి నిండుగా మెరుస్తోంది.

"పారతోని కొట్టిండు" అన్నాడు బాపు.

"నీ నీళ్ళు నాకెందుకే అన్నా" అని కాక ప్రమాణం చేయబోతే బాపు వినలేదు. సొంత తమ్ముడు! ఇంటి నడుమ దడి లేచింది. మా అవ్వ, చిన్నమ్మ బాయి దగ్గర కూడా ఎడమొహం పెడమొహం. చిన్నమ్మ కూతురి పెండ్లికి మేం పోలేదు. ఆ పెండ్లి బాజా మా ఇంట్లోకి వినబడుతుంటే బాపు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు.

కోతలయ్యాక ఎలుకలు పట్టేవాళ్ళు వచ్చారు. దొరికిన వడ్లు తవ్వినవాళ్ళవే అన్నది మా ఊరి వాడుక. తెగినచోట బాపు పూడ్చిన గెట్టుకు మూరెడు అవతల వాళ్ళు పార వేశారు. మట్టి కుంగి సొరంగం బయటపడింది. దాని ఒక కొమ్మ మా మడిలోకి, ఇంకొకటి సూటిగా కాక మడి మొదట్లోకి. నడుమ అరలో కంకులు దువ్వి పేర్చినట్టున్నాయి. పాత కొమ్మ ఒకటి సరిగ్గా పూడ్చిన చోటికే పోయి ఆగింది. పందికొక్కు ఎప్పుడో ఇంకో దారిన పోయినట్టుంది, దొరకలేదు.

వడ్లు మూటగట్టుకుంటూ ఒకాయన, "ఇంత బోలు గెట్టు నీళ్ళకు ఎట్ల ఆగుతది పటేలా?" అన్నాడు. బాపు మాట్లాడలేదు. కింద కూర్చుని ఆ సొరంగంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

ఇంటికి వచ్చాక నన్ను పిలిచి, "కాకకు పోయి చెప్పు" అన్నాడు. పోయి చెప్పాను. కాక చుట్ట ఆర్పి, "నువ్వెందుకొచ్చినవ్రా? మీ బాపుకు కాళ్ళు లేవా?" అన్నాడు.

బాపు ఆ యేడు పోలేదు. వానకాలం నాట్లకు ముందు గెట్టు చెక్కుతుంటే అవతలి వైపు నుంచి కాక కూడా పార పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ చెరో దిక్కు నుంచి మట్టి వేసి తొక్కుతూ వచ్చారు. నడుమకు వచ్చేసరికి పొద్దు గూకింది. "బిడ్డ మంచిగున్నదా?" అని అడిగాడు బాపు.

"మొన్ననే నీళ్ళాడింది, కొడుకు" అన్నాడు కాక.