జోల్వాలో మా పక్కిల్లు



తెలుగు తరగతిలో మొదటి రోజున నేను అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను: "మీది ఏ ఊరు?" పల్లెటూరి బడిలో అయితే పిల్లలు ఒక్క మాటలో చెప్పేస్తారు. మన విద్యాలయంలో అంత సులువు కాదు. ఒకసారి ఆరో తరగతి అబ్బాయి లేచి, "మేడమ్, పుట్టిన ఊరు చెప్పాలా, నాన్నగారి పోస్టింగ్ ఊరు చెప్పాలా, తాతగారి ఊరు చెప్పాలా?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగినా నా దగ్గర సరైన జవాబు లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగంలో చేరాక కోరాపుట్, గుంతకల్లు, బళ్ళారి తిరిగి సూరత్ వచ్చాను. ప్రతి ఊళ్ళోనూ సామాను కట్టిన అట్టపెట్టెలు విప్పేలోపు మళ్ళీ కట్టే రోజు వచ్చేది. కొన్ని పెట్టెల మీద ఇప్పటికీ మూడు ఊళ్ళ పేర్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మీ ఇళ్ళలోనూ అలాంటి పెట్టెలు ఉండే ఉంటాయి.

సూరత్‌లో మాకు క్వార్టర్ దొరకలేదు. మా వారు కడోదరా వైపు ఒక మిల్లులో లెక్కలు చూసే పనికి కుదిరారు. అందుకని 2022 జూన్‌లో జోల్వాలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మీలో చాలామంది క్వార్టర్లలో ఉంటారు కాబట్టి జోల్వా చూసి ఉండరు. సూరత్ నుంచి బార్డోలీ వెళ్ళే దారిలో, కడోదరా కూడలి దాటాక వస్తుంది. పలసాణా తాలూకాలోని ఊరు. విజయవాడ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్ళు నందుర్బార్, బార్డోలీ దాటాక కిటికీలోంచి చూస్తే చెరుకు తోటలు, వాటి మధ్య మిల్లు పొగగొట్టాలు, ఆ పక్కనే ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళ వరసలు కనిపిస్తాయి. ఆ వరసల్లాంటి ఒక వరసలోదే మా ఇల్లు.

మేము చేరినప్పుడు మా సొసైటీలో సగం ఇళ్ళకు తలుపులు లేవు. ముందు వైపు సిమెంటు, ఇసుక కుప్పలు. వెనక వైపు చెరుకు. రాత్రి పూట కరెంటు పోతే చెరుకు ఆకుల చప్పుడు ఒక పక్క, మగ్గాల చప్పుడు ఇంకో పక్క వినిపించేవి. మగ్గాలకు వేరే లైను కాబోలు, అవి ఆగేవి కావు.

ఆ చెరుకు తోట ఒక పెద్దాయనది. అందరూ ఆయన్ని కాకా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన నన్ను "టీచర్ బేన్" అంటారు. సాయంత్రం గట్టు మీద కూర్చుని నాకు ఈ ఊరి సంగతులు చెప్పేవారు. వాళ్ళ నాన్న కాలంలో ఇక్కడ జొన్న, పత్తి వేసేవారట. తాపీ నది మీద కాక్రాపార్ ఆనకట్ట కట్టి కాలువ నీళ్ళు వచ్చాక చెరుకు వచ్చింది. చెరుకు వెనకాల సహకార చక్కెర మిల్లులు వచ్చాయి. తరవాత జాతీయ రహదారి పక్కన బట్టల మిల్లులు, రంగుల మిల్లులు వచ్చాయి. మిల్లుల్లోకి మనుషులు వచ్చారు. మనుషులకు ఇళ్ళు కావాలి కదా. మా సొసైటీ ఉన్న జాగా కూడా ఒకప్పుడు ఆయన తమ్ముడిదే. వ్యవసాయేతర భూమిగా అనుమతి తెచ్చుకుని బిల్డరు ప్లాట్లు వేశాడు.

"అమ్మినందుకు బాధగా లేదా కాకా?" అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, "చెరుకు నరకడానికి మనుషులు దొరకాలి, నీళ్ళు అందాలి, మిల్లు డబ్బులివ్వాలి. ఇల్లు కట్టి అద్దెకిస్తే నెల మొదట్లో డబ్బులొస్తాయి బేన్" అన్నారు. ఇక్కడికి దగ్గర్లోని బార్డోలీలోనే 1928లో భూమి శిస్తు పెంచారని రైతులు సర్దార్ పటేల్ నాయకత్వంలో సత్యాగ్రహం చేశారని మీరు సాంఘిక శాస్త్రంలో చదువుకున్నారు. అదే నేల మీద ఇప్పుడు నలుగురు రైతులు చేరితే విఘా ఎంత పలుకుతోందన్న మాటే వినిపిస్తుంది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు.

సూరత్ ఎంత వేగంగా పెరిగిందో అంకెలు చెబుతాయి. 1991లో నగర జనాభా దాదాపు 15 లక్షలు. 2001లో 24 లక్షలు దాటింది. 2011 నాటికి 44 లక్షల 66 వేలు. 2006లో నగర హద్దులు పెంచడం కూడా ఈ పెరుగుదలలో ఒక భాగమే. 2020లో మళ్ళీ పెంచితే నగరం దాదాపు 460 చదరపు కిలోమీటర్లయింది. కానీ హద్దు ఎక్కడ గీసినా దానికి అవతల ఇంకో ఊరు ఉంటుంది. జోల్వా అలాంటి అవతలి ఊరు. మనుషుల్ని చూస్తే పట్నం, కాగితాల్లో చూస్తే పల్లె. ఇప్పుడు మెట్రో రైలు పనులు కడోదరా దారిలోని సారోలీ వైపు సాగుతున్నాయి. బులెట్ రైలు కోసం సూరత్ స్టేషన్‌ని నగరం మధ్యలో కాకుండా ఇటువైపు అంత్రోలీ దగ్గర కడుతున్నారు. వీటి పేరు చెప్పి బిల్డర్లు మరిన్ని బోర్డులు పెట్టారు.

ఇలాంటి ఊళ్ళో ఏది ముందు వస్తుంది, ఏది వెనక వస్తుందన్నది నేను మూడేళ్ళు చూశాను. ముందు ఇళ్ళు వస్తాయి. వెంటనే కిరాణా కొట్టు, మొబైల్ రీచార్జ్ కొట్టు, మందుల షాపు వస్తాయి. తరవాత షేర్ ఆటోలు. రోడ్డు ఆ తరవాత. మురుగు కాలువ ఇంకా తరవాత. మాకు బోరు నీళ్ళే దిక్కు, పప్పు ఉడకడానికి గంట పట్టేది. తాగడానికి క్యాన్లు కొనుక్కునేవాళ్ళం. వానాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ కాళ్ళు కడుక్కుని బడికి వచ్చేదాన్ని. అందరికన్నా ఆఖరున వచ్చేది బడి. ఇంటికి కొనేవాడుంటాడు కనుక బిల్డరు కడతాడు. బడి కట్టాలంటే ఎవరో పిల్లల్ని లెక్కపెట్టాలి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. అధికారిక లెక్క ఇంకా 2011 దగ్గరే ఉంది. అప్పటికి మా సొసైటీ చెరుకు తోట. అందులో పిల్లలెవరూ లేరు.

ఇక మా పక్కింటి సంగతి చెబుతాను. ఇది చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

మేము వచ్చిన రెండు నెలలకు, ఆగస్టులో, పక్కింట్లోకి ఒక తెలుగు కుటుంబం దిగింది. సిరిసిల్ల వైపు పద్మశాలీలు. తెలంగాణ నుంచి నేతపనివాళ్ళు భివండి, సోలాపూర్, సూరత్‌లకు రావడం చాలా కాలంగా ఉన్నదే. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోందంటే ఎంతమంది వచ్చారో ఊహించండి. అయితే ఆ బడులు నగరంలో ఉన్నాయి. మాకు చాలా దూరం. పక్కింటి అన్న మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడు. అక్క ఇంట్లోనే చీరలకు అంచులు కుట్టేది. వాళ్ళకు పదేళ్ళ కొడుకు.

అదే జూన్‌లో నా కూతుర్ని బళ్ళారి నుంచి తీసుకొచ్చి మన విద్యాలయంలోనే చేర్చాను. బదిలీ ఉత్తర్వు, టీసీ చూపిస్తే వారంలో పనైపోయింది. బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లలకు ప్రవేశాల్లో మొదటి ప్రాధాన్యం ఉంటుందని మీకు తెలుసు. పుస్తకాలు అవే, ప్రార్థన అదే, యూనిఫాం కూడా అదే. ఊరు మారినా బడి మారలేదు.

పక్కింటి బాబును తీసుకుని అక్క దగ్గర్లోని ఒక బడికి వెళ్ళింది. టీసీ లేదు. వాళ్ళు సిరిసిల్ల నుంచి హడావిడిగా వచ్చేశారు. "జూన్‌ల కాయితాలు తీస్కొని రమ్మన్నరు టీచరమ్మా. అప్పటిదాంక ఇంట్లనే ఉంటడు తియ్" అంది. నేను అప్పుడు మా అమ్మాయి పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. "సరేలే అక్కా, జూన్‌లో చేర్పిద్దాం" అన్నాను.

పిల్లలారా, పదేళ్ళకు పైగా టీచరుగా పనిచేస్తున్న నేను అన్న మాట అది. ఆగస్టులో అన్నాను. జూన్‌కి ఇంకా పది నెలలుంది. బడి లేని పిల్లవాడికి పది నెలలంటే ఎంతో నాకు తెలియనిది కాదు. అయినా నా కూతురి పని అయిపోయింది కాబట్టి నాకు తొందర అనిపించలేదు.

దీపావళి సెలవుల ముందు ఒక రోజు ఆటో కోసం నిలబడ్డాను. ఆ బాబు ఒక చేతిలో టీ కెటిల్, ఇంకో చేతిలో కాగితం గ్లాసుల దొంతర పట్టుకుని మగ్గాల షెడ్డు వైపు వెళుతున్నాడు. నన్ను చూసి ఆగి, "నమస్తే టీచర్" అన్నాడు. తన క్లాసు టీచరుకి చెప్పినంత పద్ధతిగా చెప్పాడు. ఆ రోజు బడిలో నేను ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం విద్యాహక్కు చట్టం తీసి చదివాను. శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు విన్నదే. ఎప్పుడూ ఒక పిల్లవాడి మొహం గుర్తు పెట్టుకుని చదవలేదు. 2009లో చేసిన ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళితే అక్కడి ప్రభుత్వ బడిలో చేరే హక్కు ఉందని అయిదో సెక్షన్ చెబుతోంది. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపకూడదని అందులోనే ఉంది. చదువు మధ్యలో ఆగిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్, గడువు దాటాక వచ్చినా కాదనకూడదని పదిహేనో సెక్షన్ చెబుతున్నాయి. వలస వచ్చిన కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదని తొమ్మిదో సెక్షన్‌లో ఉంది.

సెలవులయ్యాక ఒక పూట సెలవు పెట్టి అక్కతో, బాబుతో కలిసి ఆ బడికి వెళ్ళాను. నాకు గుజరాతీ అంతంత మాత్రం. కాకా కూడా వచ్చారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు చెడ్డవారేమీ కాదు. ఒక్కో గదిలో ఎంతమంది పిల్లలు కూర్చుని ఉన్నారో చూపించి, "నన్నేం చేయమంటారు?" అన్నారు. ఆ గదులు చూస్తే ఆయన బాధా అర్థమైంది. కాకా ఆయనతో తమ భాషలో ఏదో మాట్లాడారు. చివరికి రిజిస్టరు తీశారు. బయటికి వచ్చాక ఏమన్నారని కాకాను అడిగాను. "మా పొలాల్లో ఇళ్ళు కట్టించుకున్నాం, ఆ ఇళ్ళ అద్దె తింటున్నాం, వాళ్ళ పిల్లల్ని బయట ఎలా నిలబెడతాం అన్నాను" అని చెప్పారు.

గుజరాతీ మీడియం కదా, మొదటి నెల బాబు రోజూ ఏడుపు మొహంతో వచ్చేవాడు. అక్షరాలు దిద్దించడానికి మా అమ్మాయి తోడు కూర్చుంది. ఆ పిల్లకు గుజరాతీ రాదు, అందుకని ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు. సంక్రాంతి గాలిపటాల నాటికి దుకాణాల బోర్డులు చదివేవాడు. ఒకసారి కడోదరా కూడలిలో నేను ఎక్కబోయిన బస్సు వేరే ఊరిదని బోర్డు చదివి చెప్పి ఆపింది వాడే.

మూడో ఏడు మగ్గాల షెడ్డు అమ్మేశారు. వాళ్ళు భివండి వెళ్ళాల్సి వచ్చింది. మా బదిలీకి ఉత్తర్వు వస్తుంది, ప్రయాణ భత్యం ఇస్తారు, కొత్త చోట కుర్చీ ఉంటుంది. వాళ్ళ బదిలీకి వారం ముందు ఒక ఫోను వచ్చింది, అంతే. చెరుకు నరకడానికి ఏటా కొడవళ్ళతో వచ్చి గుడిసెలు వేసుకునే కుటుంబాలకు ఆ ఫోను కూడా ఉండదు. మనలాగే వాళ్ళ పిల్లలూ ఊళ్ళు మారుతుంటారు.

బయలుదేరే ముందు రోజు అక్క మా గుమ్మంలోకి వచ్చి కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కాగితం చూపించింది. "ఈసారి మొదలు గిదే తెచ్చిన టీచరమ్మా. సామాన్లు తర్వాత కట్టిన" అంది. బాబు టీసీ అది. ఆరో తరగతిలో చేరడానికి అర్హుడని రాసి ఉంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒడిశా నుంచి వచ్చిన వాళ్ళున్నారు. వెనకాల చెరుకు తోటలో సగం పోయి పునాదులు లేచాయి. మొన్న నేనే వెళ్ళి ముందు అడిగాను, "మీ పాపను బడిలో చేర్చారా?" అని. కోరాపుట్‌లో నేర్చుకున్న నాలుగు ఒడియా ముక్కలు అలా పనికొచ్చాయి.

మీలో ప్రతి ఒక్కరికీ కొత్త తరగతిలో మొదటి రోజు ఎలా ఉంటుందో తెలుసు. ఏ బెంచీలో కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడిన క్షణం ఎవరూ మరచిపోరు. మీ వీధిలో, మీ కాలనీ గేటు బయట, కడుతున్న భవనం దగ్గర బడికి వెళ్ళని పిల్లలు కనిపిస్తే ఆ క్షణాన్ని గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పండి. మాకు చెప్పండి. "జూన్‌లో చూద్దాం" అని మాత్రం అనకండి, అనేవాళ్ళను ఊరుకోనివ్వకండి.

ఇక నా ప్రశ్న సంగతి. ఆ ఆరో తరగతి అబ్బాయికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఈ ఏడు ఎవరైనా నన్నే తిరిగి "మీది ఏ ఊరు మేడమ్?" అని అడిగితే, బదిలీ ఉత్తర్వు వచ్చేదాకా మాది జోల్వా అని చెబుతాను.

మీ తెలుగు టీచర్