మరకుక్కలకు మంత్రపఠనం

టోక్యో మహానగరానికి ఆగ్నేయంగా, పసిఫిక్ సముద్రతీరాన ఇసుమి అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి కోఫుకుజీ బౌద్ధాలయంలో 2018 ఏప్రిల్‌లో 114 కుక్కలను వరుసగా కూర్చుండబెట్టి, అర్చకుడు ధూపం వేసి సూత్రాలు పఠించాడు. వాటిలో ప్రాణమున్నది ఒక్కటీ లేదు. అన్నీ సోనీ సంస్థ తయారుచేసిన 'ఐబో' మరకుక్కలే.

కర్మాగారంలో కార్లను అతికే మరచేయి అరిగిపోతే తుక్కులో చేరుతుంది. అంగారకునిపై పరిశోధన సాగించిన యంత్రం మూగవోతే అక్కడి ధూళిలోనే మిగిలిపోతుంది. వినోదం కోసం 1999లో పుట్టిన ఐబో మాత్రం ఇంటిబిడ్డ అయింది.

2006లో దాని ఉత్పత్తి, 2014లో మరమ్మతు సేవ నిలిచిపోయాయి. విడిభాగాలు కరవయ్యాయి. లోగడ సోనీలో పనిచేసిన నిపుణులు కొందరు, పనికిరాని ఐబోల భాగాలతో తక్కినవాటిని బాగుచేయ నారంభించారు. అయితే ఒకరు ప్రేమించిన దానిని విప్పే ముందు దానికి వీడ్కోలు చెప్పడం ధర్మమని వారు భావించారు. 2015 నుండి ఆ నాటివరకు ఈ ఆలయంలో సుమారు 800 ఐబోలకు ఆ మర్యాద దక్కింది.

2018 జనవరిలోనే కొత్త ఐబో విపణికి వచ్చింది. అయినా పాతదానిని బాగుచేయించుకొనేవారు మానలేదు. మంత్రపఠనం ముగిశాక, ఒక కుక్క కాలి కీలు మరొక ఇంటి కుక్కను నడిపిస్తుంది.