ఆకు నేర్పిన పాఠము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు వరికోతల కాలమున కళ్లములన్నియు ధాన్యముతో నిండియుండును. ఎండ కాసిననే గింజ ఆరును. మబ్బు పట్టినచో రైతు గుండె దడదడలాడును. ఆ గింజయు ఎండ ప్రసాదించినదే. ఆకులోని పచ్చని రంగు వెలుతురును పట్టి పంటగా మార్చుచున్నది. ఆ విధముగనే రంగుతో వెలుతురును పట్టి విద్యుత్తుగా మార్చలేమా?

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదివిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ ఈ ప్రశ్నను చేపట్టిరి. 1987లో స్విట్జర్లాండులోని లొజాన్ నగరమునకు పోయి, మైకేల్ గ్రెట్సెల్ ప్రయోగశాలలో చేరిరి.

సౌరఫలకములకు వాడు సిలికాను 1,414 డిగ్రీల వేడిలో గాని కరుగదు. వీరి పద్ధతి సులభతరము. గోడల తెల్లరంగులలో వాడు టైటానియం ఆక్సైడు పొడిని గాజుపై పూసి, కాల్చి, రంగులో ముంచుదురు. ఎండ తగులగానే రంగు తన ఎలక్ట్రానును పొడికి ఇచ్చివేయును. అదియే విద్యుత్ప్రవాహమగును. రంగు కోల్పోయినదానిని అయొడిన్ ద్రావణము తిరిగి ఇచ్చును.

1993లో ఆ బృందము ప్రకటించిన ఎఱ్ఱని రంగు ఎండలోని శక్తిలో సుమారు 10 శాతమును విద్యుత్తుగా మార్చెను. కాని అందలి రుథీనియం మిక్కిలి అరుదైన లోహము. దానితో పేదవాని ఇంట దీపమెట్లు వెలుగును? అన్వేషణ ఆగలేదు. 2014లో నజీరుద్దీన్ కూడ పాల్గొన్న పరిశోధనలో, జింకుతో కూడిన పోర్ఫిరిన్ అను రంగు 13 శాతము సాధించెను. పోర్ఫిరిన్ పత్రహరితమునకు దగ్గరి బంధువు!

ఎంత దూరము పోయినను శాస్త్రజ్ఞులు తిరిగి ఆకు చెంతకే వచ్చిరి. అయినను ఈ ఘటములు సిలికానువలె ఏండ్ల తరబడి మన్నవలసియున్నది. ఆ పనికి పూనుకొనువారు మన కళ్లముల ప్రక్కనున్న బడులలోనే యుండవచ్చును.